ఇరవైకి నాలుగు వచ్చిన పరీక్ష

నలభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దుకున్న నాకు పరీక్ష పెట్టినవాడికి ఇరవై ఆరేళ్లు. ఆదివారాలు ముంబైలోనే వర్లి నుంచి బండి మీద కామాటిపురా వచ్చి, మేముండే వరస గదుల చాళ్ కింది గదిలో తెలుగు సంఘం నడిపే ఆడవాళ్ల తరగతికి చదువు చెప్పేవాడు. కంప్యూటర్ ఉద్యోగం. ఆ సంగతి మేం మరిచిపోతామని భయమేమో, వారం వారం గుర్తు చేసేవాడు.

సంఘం నడిపే పసిపిల్లల బాల్వాడీకి ఆయా కావలసి వచ్చింది. చివరి పరీక్షలో ఎవరికి ఎక్కువ మార్కులొస్తే వాళ్లకే ఆ పని అన్నారు. అప్పటిదాకా నాగ్‌పాడా ఇళ్లలో గిన్నెలు తోముతూ బతికాను. చదువు వల్ల దొరికిన పని ఒక్కటైనా చేయాలని నాకు గట్టిగా ఉండేది.

నెల ముందే సారు ఇరవై ప్రశ్నల కాగితం ఇచ్చాడు. ప్రతి ప్రశ్న కింద ఎ, బి, సి, డి అని నాలుగు జవాబులు, సరైనదానికి టిక్కు. మావాళ్లు ప్రశ్నల జోలికే పోలేదు. మధ్యాహ్నాలు గదుల ముందు గ్యాలరీలో కూర్చుని, కార్ఖానా నుంచి తెచ్చిన ప్యాంట్లకు దారాలు కత్తిరిస్తూ "ఒకటి బి, రెండు డి, మూడు ఎ" అని భజన ఎత్తుకున్నారు. నేను వేలు పెట్టి ఒక్కో ప్రశ్నా చదువుకుంటుంటే పక్క ఖోలీ గదిలో ఉండే వదిన నవ్వింది.

"అబ్బో, కలెక్టరమ్మ! గంత సదివి ఏం జేస్తవ్ వదినా? అక్షరం యాదుంటే సాలదా?"

ఈ భజన సారు చెవిన పడింది. పరీక్ష రోజు కాగితాల కట్ట ఊపుతూ వచ్చాడు.

"చిన్న ప్రోగ్రాం రాసిన ఆంటీ. ప్రశ్నలు అవే, జవాబుల వరుస ఒక్కొక్కళ్లకు ఒక్కో తీరుగ కలిపేసిన. ఇగ బట్టీ బంద్, కాపీ బంద్!"

మావాళ్లకు ఆ మాట అర్థమైనా చేయగలిగింది లేదు. భజనలో పాడిన అక్షరాలే రాసి లేచిపోయారు. నేను చదివి రాశాను.

తర్వాతి ఆదివారం మార్కులు చెప్పాడు. వదినకు ఇరవైకి ఇరవై. భజనలో కూర్చున్న ఏ ఒక్కరికీ పదిహేడుకు తగ్గలేదు. నాకు నాలుగు.

"ఎక్కువ సదివితే గిట్లనే అయితది," అంది వదిన, అందరికీ వినిపించేలా.

నేను నా పేపరు పట్టుకుని సారు బల్ల దగ్గరికి వెళ్లాను. "ఏడో ప్రశ్న సదువుండ్రి సార్."

"మందు సీసా మీది తేదీ దాటితే ఏం చేయాలి?"

"పారేయాలన్న జవాబు అక్షరమే రాసిన. తప్పంటిరి. మీ జవాబుల కాగితంల ఏమున్నది?"

"సి."

"నా పేపర్ల సి సదువుండ్రి."

గొంతు తగ్గించి చదివాడు. "పక్కింటివాళ్లకు ఇవ్వాలి."

"ఇయ్యమంటరా? పక్కింట్ల మా వదినే ఉంటది."

అతని ముఖం మెడ దాకా ఎర్రబడింది. పన్నెండు పేపర్లలో జవాబులు కలిపేశాడు కానీ, దిద్దడానికి మాత్రం నెల ముందు ఇచ్చిన కాగితం జవాబులే పక్కన పెట్టుకున్నాడు. బట్టీ పట్టినవాళ్లు ఆ పాత అక్షరాలే రాశారు. అతను అక్షరానికి అక్షరం సరిచూసి టిక్కులు కొట్టాడు. పన్నెండు పేపర్లు దిద్ది ఒక్క జవాబూ చదవని మనిషి మాకు చదువు చెప్పాడన్నమాట!

నా పేపరు అక్కడే చదివించి దిద్దించాను. పద్దెనిమిది వచ్చాయి.

"మరి మిగిలినోళ్లవి?"

"సంఘానికి లిస్టు ఇచ్చేసిన ఆంటీ. అందరివీ మార్చాలంటే నా ఇజ్జత్ పోతది. మీదొక్కటి సరిజేపిస్త."

అతని ఇజ్జత్ బరువు ఎంతో గానీ, ఇరవై కంటే పద్దెనిమిది తక్కువని లెక్క రానివాళ్లకూ తెలుసు. సంఘం పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన జేబులోంచి కళ్లజోడు కూడా తీయలేదు. "కంప్యూటర్ల చేసిన పరీక్ష తల్లీ, తప్పెట్లయితది?" అన్నాడు. నా పేపరు ఆయన ముందే పెట్టాను. దాన్ని తిప్పి చూసి, టీ గ్లాసు కింద వేసుకున్నాడు.

పని వదినకే ఇచ్చారు. మొదటి సోమవారమే సంఘం పంపిన కాగితం పట్టుకుని నా గడప దగ్గర నిలబడింది.

"జర సదివి పెట్టు వదినా. గీండ్ల ఎ, బి ఏం లెవ్వు."

పిల్లలకు బుధవారం టీకాలు వేస్తారని, తల్లులందరికీ చెప్పాలని ఉంది అందులో. చదివి చెప్పాను. పిల్లలేం పాపం చేశారు? కాగితం ఆమె చేతిలో పెట్టి, ఇంకో మాట అడగకముందే తలుపు వేసుకున్నాను.