గోదాముకు నేను పెట్టిన వంక

దయ్యాల మీద నాకెన్నడూ నమ్మకం లేదు. ఎదుటివాడికి ఉంటే మాత్రం బేరంలో వాడుకోవడానికి అభ్యంతరమూ లేదు.

మాది ఎమ్మిగనూరు. బట్టల అంగడిలో గల్లాపెట్టె పక్కన పెరిగాను. వంక పెట్టకుండా ధర అడగకూడదని మా నాన్న నేర్పాడు. పెళ్ళిచూపుల్లో కూడా మామగారి ఫ్యాను ఊగుతోందన్నానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

పోయిన ఏడాది ఆదోనిలో ఒక పాత పత్తి గోదాము అమ్మకానికొచ్చింది. నా సరుకున్న అద్దె గోదామును ఖాళీ చేయమంటున్నారు కాబట్టి అది నాకు కావాల్సిందే. ఆ తొందర ముఖంలో కనపడనీయలేదు. కానీ గోడలు గట్టివి, కప్పు కారదు. వంక దొరకలేదు. మిట్టమధ్యాహ్నం, ఎండ లోపలిదాకా పడుతోంది. గోదాము యజమానురాలైన అవ్వ, ఆమె కొడుకు గుమ్మంలో నిలబడ్డారు.

దొరక్కపోతే పుట్టించాలి కదా. నోటికొచ్చింది చెప్పాను.

"తెల్లోళ్ళ కాలంలో, కరువుకు వలసొచ్చిన కూలోళ్ళను పోలీసులు ఈడ మూసిపెట్టి కొట్టినారంట గదవ్వా. మళ్ళా నడిచి రాకుండా అరికాళ్ళు పగలగొట్టినారంట. ఒగామె బిడ్డను పత్తి కుప్పలో దాసిందంట."

"ఏమన్నా, బేరానికి సచ్చినోళ్ళను గూడా లేపుతాండావు" అని కొడుకు నవ్వాడు.

అవ్వ నవ్వలేదు. టీ తెమ్మని కొడుకును పంపించింది.

"నీకెవరు సెప్పినారు నాయనా? బిడ్డ సంగతి మా అత్త నాకొక్కదానికే సెప్పింది. పోలీసులకు తాళం తీసిచ్చింది మా మామ. నా కొడుక్కు గూడా తెలీదు."

ఎవరూ చెప్పలేదన్నాను. నమ్మలేదు.

"సగానికే తీసుకో. ఈ మాట గడప దాటగూడదు."

అంత సులువైన బేరం నాకెప్పుడూ తగల్లేదు. సరే అనబోయాను. కానీ నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"బిడ్డ బతికినాదా?"

"తల్లిని ఈడ్సకపోయినారు. పత్తి తీసేతలికి ఊపిరి లేదంట."

పూర్తి ధరే ఇస్తానన్నాను. నోరు మాత్రం మూసుకోనన్నాను. మా నాన్న వినుంటే నన్ను అంగడి గడప తొక్కనిచ్చేవాడు కాదు.

కొడుకు వెళ్ళిన దారి వైపు చూసింది అవ్వ. తర్వాత, "అయితే వాడొచ్చినాక వాని ముందర నువ్వే సెప్పప్పా. నాకు నోరు రాదు" అంది.

టీ చల్లారిపోయేదాకా చెప్పాను. ఈసారి కొడుకు నవ్వలేదు.

ఆ తర్వాత ఆదోనిలో ఎందరినో అడిగాను. అలాంటిదేమీ జరగలేదన్నారు. మా ఇంట్లోనూ ఎవరూ ఎరగరు. నేనాడిన అబద్ధాల్లో ప్రతి ఒక్కటీ ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. ఇది తప్ప.