రాక్షసబల్లి గోరుకు పగుళ్లు

నిర్మల్‌లో లింగమూర్తి చేసిన కొయ్య మామిడికాయను ముట్టుకుని చూస్తే గానీ కొయ్యదని తెలిసేది కాదు. చెక్కేది ఆయన, రంగులేసేది భార్య బాలలక్ష్మి. 1962లో ఆమె చూపు పూర్తిగా పోయింది. ఇక పనిచేసే గది గడప తొక్కలేదు. ఎట్లాగైనా ఆమెను మళ్ళీ తన పక్క పీట మీద కూర్చోబెట్టుకోవాలని లింగమూర్తికి ఒకటే ఆశ. అడిగితే, "గుడ్డిదాన్ని, నీకు అడ్డమెందుకు?" అనేది.

మరుసటి ఎండాకాలం ఆసిఫాబాద్ హైస్కూల్లో సైన్సు చెప్పే అంబదాస్ సారు ఒక గుడ్డమూట తెచ్చాడు. లోపల జానెడు పొడుగున, కొడవలిలా వంగిన రాతి గోరు.

"ప్రాణహిత ఒడ్డుకు దొరికింది. రాక్షసబల్లి కాలిగోరు. కోట్ల ఏండ్ల కిందటిది. దీన్ని పరీక్షకు కలకత్తా పంపాలె. మా పిల్లలు చూసెతందుకు గిసొంటిదే ఒకటి చేసియ్యి."

లింగమూర్తి బొమ్మలకు వాడే తేలికైన పొణికి చెక్కతో అచ్చం అట్లాగే చెక్కాడు. చింతగింజల గుజ్జులో రంపపు పొట్టు కలిపిన లప్పం పూశాడు. బొమ్మలకు చేసినట్టే ప్రతి సందూ పూడ్చి నున్నగా రుద్దాడు. రాతిదీ కొయ్యదీ తీసుకుపోయి, చింతపండు గింజలు తీస్తున్న బాలలక్ష్మి చేతుల్లో పెట్టాడు.

ఆమె రెండూ తడిమి నవ్వింది. "రాయిది ముసల్ది. నువ్వు చేసింది నిన్న పుట్టింది."

"ఎట్ల?"

"దానికి పగుళ్లున్నయి, గుంటలున్నయి. నువ్వన్నీ పూడ్చినవు. మామిడికాయ అనుకున్నవా?"

లింగమూర్తి రాతి గోరును వెలుతురుకు తిప్పి చూశాడు. "నాకు గీతలే కనబడ్డయే. లోతు తెల్వలే. మళ్ల లప్పం పూస్త, నువ్వొచ్చి పగుళ్లు పెట్టు."

"నేను రాను."

లింగమూర్తి లోపలికి పోయి కొయ్య గోరుకు లప్పం పూసి వచ్చాడు.

"లప్పం ఎండితే నీ వేలిగోరు దిగది. జర రారాదా?"

బాలలక్ష్మి చింతపండు పక్కకు జరిపింది. తీసుకుపొమ్మన్నట్టు చేయి చాపింది.

పనిచేసే గదిలో ఆయన పక్క పీట మీద కూర్చుని ఎడమచేత్తో రాతి గోరు తడుముతూ, కుడి బొటనవేలి గోటితో తడి లప్పం మీద పగుళ్లు దించింది.

"గీ బల్లి ఎంతుంటదట?"

"తల మన గడపల పెడితే తోక గంగయ్య దుకాణం కాడుంటదట."

"ఏం తింటదట?"

"ఆకులలములు."

"ఆకులు తినేదానికి గింత గోరెందుకు?"

"సారుకే తెల్వదట."

"గోక్కోనికే కావచ్చు. గంత ఒళ్లాయె."

ఇద్దరూ నవ్వుకున్నారు. పగుళ్లు పూర్తయ్యాక ఆమె చేతులు తుడుచుకుంటూ అడిగింది. "దాని తోలు ఏం రంగట?"

"ఎవ్వలు చూసిండ్రే? మనుషులు పుట్టకముందటిది."

"అయితే దాన్ని చూడనిది నేనొక్కదాన్నే కాదన్నట్టు." బాలలక్ష్మి పీటను దగ్గరికి జరుపుకుంది. "మిగిలిన చెక్కతోని బల్లిని చెయ్యి. రంగులు నేను చెప్త, నువ్వు కలుపు. మెడకు నెమలినీలం ఉండాలె."

లింగమూర్తి పొణికి ముక్క ఒకటి ముందుకు లాక్కున్నాడు. అన్నం వేళ దాటిపోయింది. బాలలక్ష్మి పీట మీదనుంచి లేవలేదు.