రీమ్‌కు నేనిచ్చిన ఎండాకాలం సెలవు

ఆ రోజుల్లో ఖతర్‌లో ఎండాకాలం సెలవు దొరికింది కుక్కలకు మాత్రమే. మనుషులకు లేదు. తారు పరిచేవాడు పరుస్తూనే ఉండాలి, సిమెంటు మోసేవాడు మోస్తూనే ఉండాలి. చమురు డబ్బుతో దేశం ఒక్కసారిగా లేచి నిలబడుతున్న కాలం, ఆగడానికి ఎవరికీ తీరిక లేదు. ఈ మధ్య మా తమ్ముడి మనవడు ఫోన్ తెచ్చి, "తాతా, వేటకుక్కలకు ఎండాకాలం రెస్టు ఇయ్యాల్నా వద్దా అని కొట్లాడుకుంటున్నరు సూడు" అన్నాడు. చూశాను. రెస్టిస్తే కుక్క పాడవుతుందని ఒకడు, ఇవ్వకపోతే చస్తుందని ఇంకొకడు. వీళ్ళలో వేటకుక్క కాలెత్తి అరికాలు తడిమి చూసినవాడు ఒక్కడూ లేడని ప్రమాణం చేసి చెప్పగలను. నాకు ఒళ్ళు మండింది. (నా ఒళ్ళు మండడానికి పెద్ద కారణాలు అక్కర్లేదని మా ఇంట్లో అంటారు. ఈ విషయంలో మాత్రం నాకు హక్కుంది.) మూడో తరగతిలో బడి మానేసి, కిరాణా పొట్లాల కాగితాలు చదివి చదువు నేర్చుకున్నవాణ్ణి. ఇది ఏ కాగితంలోనూ చదివింది కాదు. నా చేతుల మీద జరిగింది.

మాది జగిత్యాల దగ్గర పల్లె. నేను ఖతర్ పోయింది బస్తాలు మోయడానికి. (మా అమ్మ పోయేదాకా "నా కొడుకు దుబాయ్ల ఉన్నడు" అనే చెప్పుకుంది, దిద్దడం నా వల్ల కాలేదు.) మూడు నెలలు మోశాక ఒక మధ్యాహ్నం సైటుకు పెద్ద కారు వచ్చింది. అందులో అర్బాబు, అంటే మా అందరికీ యజమాని, అద్దం దించి, కుక్కల సంగతి తెలిసినవాడెవడని అడిగించాడు. కుక్కల గురించి నాకు తెలిసిందల్లా అవి వెంటపడితే ఎటు పరుగెత్తాలన్నదే. కానీ దించిన అద్దంలోంచి చల్లగాలి నా మొహానికి తగిలింది. చెయ్యి దానంతట అదే లేచింది.

అలా అల్ వుకైర్ వైపు ఆయన తోటకు చేరాను. ఇప్పుడక్కడ ఇళ్ళ మీద ఇళ్ళు లేచాయట. అప్పుడు ఇసుక, గులకరాళ్ళు, గాలి, ఏడు వేటకుక్కలు. మనుషులం ముగ్గురం. వంట చేసే బోధన్ చాచా, ఉర్దూ అరబ్బీ తెలుగు మూడూ ఒకే గరిటెతో కలిపేవాడు. కుక్కల పెద్ద ఒక ముసలి బదూ, ఎడారిలో పుట్టి పెరిగినవాడు, ఆయన్ని అందరూ షైబా అనేవారు, అంటే ముసలాయన అని. మూడోవాణ్ణి నేను. మొదటిరోజు నాకు వచ్చిన పది అరబ్బీ మాటల్లోంచి ఒకటి ఏరి, ఒక కుక్కను చూపించి "కల్బ్" అన్నాను. షైబా మొహం తిప్పుకొని సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. చాచా నన్ను పక్కకు లాగాడు. "అరే భాయ్, అది కుక్క గాదు, సలూకీ. కుక్కను గుడారంల అడుగు వెట్టనియ్యరు. దీన్ని పక్కల పండుకోవెట్టుకుంటరు. ఇంకోపారి కల్బ్ అన్నవనుకో, నిన్ను బయట పండుకోవెడ్తరు."

షైబా పద్ధతి ఇది. ఎండలు ముదిరితే వేట బంద్. కానీ కాళ్ళు బంద్ కావు. తెల్లవారకముందే ఏడింటినీ తాళ్ళతో పట్టుకొని గులకరాళ్ళ నేల మీద గంటసేపు నడక, పరుగు కాదు. సూర్యుడు కరవకముందే వెనక్కి. తర్వాత పగలంతా పందిరి కింద, తడి ఇసుక తగిలేదాకా తవ్విన గుంతల్లో పడక. తిండి తగ్గింపు. సాయంత్రం ఒక్కొక్కదాని కాలెత్తి బొటనవేలితో అరికాలు నొక్కి చూసేవాడు. ఒకరోజు కుక్కల వరస అయిపోయాక నా కాలు కూడా ఎత్తి నొక్కాడు. వీడు వేటకు తయారని చాచాతో చెప్పాడట. ఆ ముసలాయన నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఏడింటిలో ముందుండేది రీమ్, ఇసుక రంగు ఆడకుక్క, నాలుగేళ్ళది. ఎందుకో నన్ను పట్టుకుంది. నేను కూర్చుంటే ఆ పొడుగు మూతి తెచ్చి నా చంకలో దూర్చి నిలబడేది, నేను లేచేదాకా. మూడు నెలలు బస్తాలు తప్ప ఏదీ ఆనని భుజం అది. ఇంతకంటే చెప్పను.

రెండో ఎండాకాలం అర్బాబు కుక్కలకు ఇటుక గది కట్టించి ఏసీ పెట్టించాడు. వాటిని చూసుకోవడానికి నన్ను కూడా అందులోనే పండమన్నారు. జూలై నెలలో, ఖతర్‌లో, నేను పట్టపగలు దుప్పటి కప్పుకున్నాను. చాచా ఉల్లిగడ్డలు కోయడానికి కూడా అక్కడికే వచ్చేవాడు, వంటింట్లో వెలుతురు సరిపోవడం లేదని. షైబా మాత్రం గుమ్మం దాటలేదు. చలి కాళ్ళలోకి దిగుతుందని బయటినుంచే గొణిగి, తెల్లవారకముందే వచ్చి తలుపు కొట్టేవాడు. ఆ చలిలోంచి బయటి ఉక్కలోకి అడుగు పెట్టడమంటే ఉడుకుతున్న అన్నం గిన్నెలో తల పెట్టడమే. నేను తిట్టుకుంటూ లేచేవాణ్ణి. తిట్లు తెలుగులో కాబట్టి గొడవ రాలేదు.

ఒక సాయంత్రం అర్బాబు వచ్చాడు. ఇంత ఖర్చుపెట్టి చల్లగా ఉంచుతుంటే మళ్ళీ ఆ నడక దేనికి, పూర్తిగా రెస్టిస్తే మంచిది కదా అన్నాడు. నడక ఆగితే కాళ్ళు పోతాయన్నాడు షైబా. ఇద్దరూ నావైపు తిరిగారు, కుక్కలతో ఉండేది నేనే గనక. నేను చాచాకు చెప్పాను, చాచా ఆయనకు చెప్పాడు. "మా ఊర్ల ఎండాకాలం ఎడ్లను కట్టేసి మేపుతం. వానలు వడంగనే గుర్రాల లెక్క దున్నుతయి. రెస్టు ఎంతిస్తే అంత బలం."

ఎంత ధైర్యంగా చెప్పానో. మా నాయన ఎడ్లు ఎండాకాలమంతా పెంట బండి లాగేవి. తొలకరికి మొదటిరోజు ఒక పూటే దున్ని విప్పేసేవాడు మా నాయన, మెడలు పదును కావాలని. ఇదంతా నా కళ్ళముందే ఉంది. ఏసీ చప్పుడు కూడా వెనకాల వినపడుతూనే ఉంది.

షైబా ఒక్కటే అడిగాడు. చాచా నెమ్మదిగా తెలుగు చేశాడు. "మీ నాయన గూడ గట్లనే జేస్తడా అని అడుగుతున్నడు."

"ఔ" అన్నాను.

నడక ఆగిపోయింది. చలికాలం దాకా షైబాను కూడా అల్ వక్రాలో కూతురింటికి పోయి రెస్టు తీసుకోమన్నాడు అర్బాబు. మర్యాదగానే, నవ్వుతూనే అన్నాడు. ముసలాయన పోయేముందు రీమ్ కాలెత్తి, నా బొటనవేలు పట్టుకొని దాని అరికాలి మీద పెట్టి నొక్కించాడు. ఎండిన తోలులా ఉంది. ఇట్లుండాలి అన్నట్టు తలూపి వెళ్ళిపోయాడు.

తర్వాత మూడు నెలలు మేము ఎనిమిదిమందిమి హాయిగా పండుకున్నాం. కుక్కల నడుములు నిండాయి, నా అంగీ గుండీలు పట్టడం మానేశాయి. చాచా "ఎనిమిదింటిల నువ్వే జర ముద్దుగున్నవ్" అనేవాడు. ఒకసారి రీమ్ కాలు నొక్కి చూశాను. అప్పుడే కాల్చిన రొట్టెలా మెత్తగా ఉంది. నాకు తెలిసింది. తెలిసి, అటువైపు తిరిగి పండుకున్నాను.

ఎండ ఇంకా పూర్తిగా విరగకముందే అర్బాబుకు చుట్టాలొచ్చారు. వేట చూపిస్తానన్నాడు. షైబాకు కబురు వెళ్ళింది. ఆయన వచ్చి ఏడింటి కాళ్ళూ నొక్కి, పదిహేను రోజులాగాలన్నాడు. అర్బాబు కార్ల దగ్గర నిలబడ్డ చుట్టాలవైపు చూసి, నన్ను అడిగాడు, తయారేనా అని. అప్పుడైనా నోరు తెరవొచ్చు. కానీ ఇప్పుడు కాదంటే అప్పుడన్నది అబద్ధమని తేలిపోతుంది. తలూపాను. యల్లా, పదండి అన్నారు.

కుందేలు లేచింది. రీమ్ ఎప్పటిలాగే ముందుంది. అర కిలోమీటరు పోయేసరికి మిగతావి ఒక్కొక్కటీ నాలుక వేలాడేసి ఆగిపోయాయి, తెలివైనవి. అది ఆగలేదు. మేము కారులో చేరేసరికి ఒక ముళ్ళపొద పక్కన పడి ఉంది. ఒళ్ళు పొయ్యి మీది పెనంలా కాలుతోంది. నాలుగు అరికాళ్ళ చర్మమూ ఊడి ఎర్రగా ఉంది. ఉన్న నీళ్ళన్నీ పోశాం. షైబా దాని తల ఒళ్ళో పెట్టుకొని, రెండో చేత్తో ఇసుక తవ్వుతూ, తడి తగలగానే తీసి దాని కడుపుకు రాశాడు. అది మాలో ఎవరివైపూ చూడలేదు, కుందేలు పోయినవైపే చూస్తూ ఉంది. పొద్దు నడినెత్తికి రాకముందే పోయింది.

అర్బాబు, ఎందుకిలా అయిందని షైబాను అడిగాడు. ముసలాయన తలెత్తి నన్ను చూశాడు.

"వయసు మీద వడ్డది. దాని రోజులైపోయినయి" అన్నాడట. చాచా ఆ మాట నాకు చెవిలో చెప్పాడు. ఐదేళ్ళయినా నిండని కుక్కకు వయసేమిటో అర్బాబుకు తెలియదా? తెలిసే ఉంటుంది. ఆయన మాత్రం ఇంకేమీ అడగలేదు.

సాయంత్రం నేను చాచాను బతిమాలి అడిగించాను, ఎందుకట్లా చెప్పాడని. జవాబును చాచా ఏ మసాలా కలపకుండా తెచ్చాడు. "రీమ్ ఎట్లైనా పాయె. ఇగ మనిషిని గూడ ఎండల పడేసుడు దేనికి అంటున్నడు."

మర్నాడు ఆయన కూతురింటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వచ్చిన ఎండాకాలం నేనే అల్ వక్రా పోయాను, తోటకు రమ్మని అడగడానికి. అప్పటికే చూపు మందగించింది. లేవలేకపోయాడు. నా చెయ్యి పట్టుకొని బొటనవేలు తడిమాడు, అంతే. నేను నా పది అరబ్బీ మాటల్లో వెతికాను, క్షమించమనే మాట అందులో లేదు. మాఫీ అంటే వాళ్ళ భాషలో లేదు అని అర్థం. మన దగ్గర అదే మాటతో క్షమాపణ అడుగుతాం. అది అనలేక ఊరికే కూర్చుని వచ్చేశాను.

ఇంకో ఐదు ఎండాకాలాలు ఆ తోటలో ఉన్నాను. ప్రతి ఏడూ గుంతలు తవ్వాను, ప్రతి తెల్లవారుజామూ నడిపించాను, ఏసీ గదిలో గడ్డి మోపులు పెట్టించాను. తర్వాత ఏ కుక్కకూ అరికాలి తోలు ఊడలేదు. కాబట్టి ఫోన్‌లో కొట్లాడుకునే అయ్యలారా, వేటకుక్కకు ఎండాకాలం రెస్టు మంచిదే, తప్పకుండా ఇవ్వండి. వేటకు ఇవ్వండి, కాళ్ళకు ఇవ్వకండి. మళ్ళీ పరుగెత్తించేటప్పుడు రోజులు లెక్కపెట్టండి. అన్నిటికంటే ముందు, సలహా చెప్పేవాడు ఎక్కడ పండుకుంటున్నాడో చూడండి.

అప్పటినుంచి నాకొక అలవాటు పడింది. ఎవరు ఏది అడిగినా వెంటనే జవాబు రాదు. ఈ జవాబుతో నాకేం సుఖమో ముందు లోపల వెతుక్కుంటాను, అది దొరికాక పక్కన పెట్టి అప్పుడు మాట్లాడతాను. మా కోడలు చాయ్ ఇచ్చి చక్కెర సరిపోయిందా అని అడిగినా ఇదే తంతు. నిన్న వంటింట్లోంచి మా ఆవిడతో అంటుంటే వినపడింది. "మామకు చెవులు మందమైనయత్తమ్మా, ఒకపారి సూపియ్యాలె."

చాయ్‌లో చక్కెర కొంచెం తక్కువే. రేపు అడిగితే చెబుతాను.