తెలుగు చీటీలు అంటించిన కీబోర్డు

ఒడిశాలోని రాయగడలో కచేరీ ఎదుటి రేకుల షెడ్డులో అర్జీలు టైపు చేసే రోజారమణికి ఒడియా మాట్లాడటం మంచినీళ్లు తాగినంత తేలిక. చేత్తో రాయడం మాత్రం రాదు. ఈ సంగతి పదకొండేళ్లుగా ఇంకో ప్రాణికి తెలియదు. ఒడియా మాటల్ని తెలుగు లిపిలో నోటుబుక్కులో చిత్తు రాసుకునేది. కీలమీద తెలుగు అక్షరాల చీటీలు అంటించుకుంది. వాటిని చూసి కొడుతుంటే తెరమీద ఒడియా వచ్చేది. జనం అబ్బో అనుకునేవారు. పక్క బల్లమీద చేత్తో అర్జీలు రాసే లక్ష్మణుడి గిరాకీ సగం ఈవిడ వైపు తిరిగింది. ఆయన మాటలు మానేశాడు. ఈవిడా పలకరించలేదు. అదో పొగరు.

కంప్యూటరు ముసలిదైపోయింది. ఆన్ చేసి, టీ తాగి వచ్చినా తెరుచుకునేది కాదు. కంప్యూటర్లు బాగుచేసే కామేష్ ఆదివారం వచ్చి చూశాడు. కొత్తది కొనక్కర్లేదు, పాతవాటికోసమే తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది, వేసేస్తానన్నాడు. లోపల దాచుకోవలసిందేమైనా ఉందా అని రెండుసార్లు అడిగాడు కూడా. అక్షరాలు కీబోర్డులోనే ఉంటాయని నమ్మిన మనిషి కదా, కీబోర్డొక్కటీ ఉంచి మిగతాదంతా తుడిచెయ్యమంది ధీమాగా.

సోమవారం కంప్యూటరు చిటికెలో తెరుచుకుంది. రోజారమణి మురిసిపోయింది. కొల్నార అనే ఊరి నుంచి గురువమ్మ వచ్చింది. వానకి ఆవిడ ఇల్లు కూలింది. సర్కారు ఇళ్ల జాబితాలో పేరు చేర్చమనే అర్జీకి ఆ రోజే ఆఖరు, ఒంటిగంటకి కచేరీలో అర్జీలు తీసుకునే కిటికీ మూసేస్తారు. రోజారమణి చిత్తు రాసుకుని టైపు మొదలెట్టింది. తెరమీద ఒడియా లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు.

ఫోన్ చేస్తే కామేష్ కోరాపుట్‌లో ఉన్నాడు. ఒడియా అక్షరాలు చూపించే ఫాంటు పాత సిస్టమ్‌తోపాటే పోయిందనీ, సాయంత్రం వచ్చి మళ్లీ వేస్తాననీ అన్నాడు. అప్పటికే పన్నెండు దాటింది. ఏదో చేస్తున్నట్టు మౌసు కదుపుతూ కూర్చుంది.

"ఆ మిసను సంగతి ఒగ్గీ అమ్మీ. సేత్తో రాసీ. సేత్తో రాసినా తీసుకుంతారంట," అంది గురువమ్మ.

రోజారమణి పెన్ను తీసింది. మళ్లీ పెట్టేసింది. చెయ్యి నొప్పి అనొచ్చు. రేపు రమ్మనొచ్చు. రేపంటే ఈ ముసలావిడకి ఇల్లు లేనట్టే. వెనక వరసలో నలుగురు వింటున్నారు. సిగ్గుతో చచ్చినంత పనైంది.

"నాకు ఒడియా రాయడం రాదత్తా," అంది.

రోజారమణి గురువమ్మ చెయ్యి పట్టుకుని లక్ష్మణుడి బల్ల దగ్గరికి నడిచి, నోటుబుక్కు తెరిచి చదివింది. ఆమె చదువుతుంటే ఆయన ఒడియాలో రాశాడు. ఒంటిగంటకి ఇంకా పది నిమిషాలుండగానే గురువమ్మ వేలిముద్ర వేసి కాగితం కిటికీలో ఇచ్చేసింది.

ఈలోగా వరసలోని నలుగురూ లక్ష్మణుడి ముందుకు వచ్చి నిలబడ్డారు. రోజారమణి కుర్చీ ఎదుట ఎవరూ లేరు. రేపటినుంచి తనదగ్గరికి ఎవరొస్తారు? అయినా కుర్చీకి పోలేదు. ఆ నలుగురి పనీ అయ్యేదాకా ఆగి, ఆయన బల్ల చివర కూర్చుంది. నోటుబుక్కులో ఖాళీ పేజీ తెరిచి ఆయన ముందుకు జరిపింది.

"నా పేరు ఒడియాలో రాసి చూపించన్నయ్యా."