పైడమ్మ గుల్లలో గెడ్డ

1968లో విజయనగరంలో ఒక కాలేజీ కెమిస్ట్రీ లాబ్‌లో డెమాన్‌స్ట్రేటర్‌ని, అంటే పిల్లల చేత ప్రాక్టికల్స్ చేయించేవాణ్ణి. ఆ ఏడాది ఒక గెడ్డ (మా వైపు వాగుని అలాగే అంటారు) పాతికేళ్ల చరిత్రని ఒక్క గుల్లలో చదివి, ఒక మనిషి పరువు నిలబెట్టాను.

పరువు పైడమ్మది. బొబ్బిలి వైపు గెడ్డలో దొరికే ఆల్చిప్పలు బట్టీలో కాల్చి, కిళ్లీ కొట్లకి గుల్లసున్నం పోసేది. ఎప్పుడూ తెల్లగా మెరిసే సున్నం ఆ వేసవిలో మట్టిరంగుకి తిరిగింది. బూడిద కలుపుతోందని నేను రోజూ కిళ్లీ కట్టించుకునే కొట్టు యజమాని బజారంతా చాటాడు. ఆమె కుండ ఇక ఎవరూ ముట్టలేదు.

నిరుడు వేసవి దాటాక గెడ్డకి ఎగువన కొత్తగా మాంగనీసు గని తెరిచారు. ఆ నీళ్ల వల్లేనన్న అనుమానం నాకే తట్టింది. గుల్లని కల్వంలో నూరి, నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి, లెడ్ పెరాక్సైడ్ వేసి కాచాను. మాంగనీసు ఉంటే నీరు ఊదారంగు తిరుగుతుంది. తిరిగింది. గర్వంగా పట్టుకెళ్లి చూపిస్తే యజమాని తల అడ్డంగా ఊపాడు.

"గెడ్డలో అది ఎప్పుడూ ఉన్నాదేమో మాస్టారూ. మరి నిరుడు సున్నం తెల్లగా ఎలాగొచ్చింది?"

మర్నాడు పైడమ్మ లాబ్‌కి వచ్చి కల్వంలోకి తొంగి చూసింది.

"మొత్తం నూరీసినావేటి బాబూ? రెండు సిప్పలు కలిసే ముడికాడ పాత గీతలు, అంచుకి కొత్తవి. అన్నీ కలిపీసినాక ఏటి తెలుస్తాది?"

గుల్ల అంచు వెంట పెరుగుతుంది. ఏటా వేసవిలో నీరు తగ్గినప్పుడు పెరగడం ఆగి నల్లగీత పడుతుంది. ఏ ఏడాది నీళ్లలో ఏముంటే ఆ ఏడాది పొరలో అది చేరుతుంది. ఈసారి ఇంకో గుల్లని ఆకురాయితో గీతకీ గీతకీ మధ్య విడివిడిగా గీకి, ఒక్కో పొడినీ అలాగే కాచాను. పాత పొరలకి రంగు ఉందా లేదా అన్నట్టుంది. ఆఖరిదానికి మాత్రం వంకాయ రంగు. టెస్ట్‌ట్యూబులు వరసగా కొట్టు బల్ల మీద నిలబెట్టాను. యజమాని ఒక్కోటీ వెలుగుకి ఎత్తి చూసి, బూడిద మాట తప్పేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. గనికి ఎగువన ఏరిన గుల్లలు కాల్చి తెమ్మని పైడమ్మకి చెప్పాడు.

పాతికేళ్లన్నది సాగదీసిందే. ఆ గుల్లకున్న గీతలు ఏడు. చదవాల్సినదాన్ని ముందే నూరకూడదని మాత్రం ఆ రోజు నేర్చుకున్నాను.

కొన్నేళ్ల తరవాత ఆమె ఎదుటే ఈ కథ ఎవరికో చెబుతుంటే, పైడమ్మ నోట్లోంచి అడ్డచుట్ట తీసింది.

"గని నీళ్ల వల్లేనని తట్టింది నీకా? అందరికన్నా ముందు నానే సెప్పినాను. కొట్టోడు ఇన్లేదు, సరే. నువ్వూ ఇన్లేదు బాబూ."