ఆదోని మట్టి, ఎమ్మిగనూరు పసుపు

పొద్దున ఆరున్నరకు కర్నూలులో ఆదోని బస్సెక్కాను. ఒళ్ళో అట్టపెట్టె, అందులో మా ల్యాబులో పెంచిన పసుపు మొక్కలు. మంత్రాలయం పోయే ఒక పెద్దమ్మ పక్కన కూర్చుని, పసుపు కొమ్ము నాటితే మొలవదా, ఇవెందుకని అడిగింది. అడగడమే ఆలస్యం, మొదలుపెట్టాను. కొమ్ముతోపాటు పాత చేని తెగులూ వస్తుందనీ, అందుకే మొలక కొసను మాత్రం తీసి గాజుసీసాలో పెంచామనీ, వీటికి జబ్బు గాలి కూడా సోకలేదనీ ఎమ్మిగనూరు దాకా చెప్పాను. అక్కడ బస్సు మారడానికి ఆమె దిగిపోతుంటే ముఖంలో హమ్మయ్య అన్నట్టే ఉంది.

ఆదోని బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిన్నాను. ఈ వైపు వచ్చేవాళ్ళు మానకూడనిది అదొక్కటే. తరవాత షేరాటోలో దగ్గరి పల్లెకు పోతే హనుమంతప్ప అనే రైతు తన పసుపుచేను చూపించాడు. దుంపకుళ్ళు. ఎకరం ఎకరమంతా పండుబారింది. వానకు నల్లరేగడి ముద్దగా ఉంది. లోపలిదాకా నడిచి, మొక్క పీకి, దుంప నొక్కి చూశాను. బోరు దగ్గర చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కున్నాను. చేతులే.

రెండుకల్లా తిరిగి ఎమ్మిగనూరు. మొక్కలు అడిగిన మహిళా రైతు మాబున్ని నన్ను తీసుకుపోవడానికి రోడ్డు మీదికే వచ్చింది. రెండేళ్ళు వరసగా పంట కుళ్ళితే పాత విత్తనమంతా కాల్చేసి, ఎర్రచెలకలో కొత్తగా వలపందిరి వేసి నాలుగు మడులు కట్టింది. వచ్చే ఏటి విత్తనం ఈ మొక్కల నుంచే రావాలి.

"ఇదీ పోయిందంటే పిల్లోళ్ళ బడి మాన్పించి గుంటూరు మిరపచేలకు పోవల్సిందేన్నా" అంది.

పందిరి ముందు చెంబుతో నీళ్ళిచ్చింది. వచ్చినవాళ్ళకు కాళ్ళకు నీళ్ళివ్వడం ఇక్కడి మర్యాద. నాకు మొహమాటం. బస్సుకు టైమవుతుందని చెప్పి, చెప్పులతోనే లోపలికి పోయాను. నాటడం చూపించాను. ఆఫీసుకు పంపే ఫోటోల కోసం అటూ ఇటూ తిరిగాను.

వెనక్కి తిరిగితే ఎర్రమట్టి మీద నల్లటి అడుగు. దాని వెనక ఇంకొకటి. చెప్పు ఎత్తి చూసుకున్నాను. అట్టలు కట్టిన రేగడి, కుళ్ళు పట్టిన హనుమంతప్ప చేనిది.

అప్పుడే చెప్పాల్సింది. మాబున్ని అటు తిరిగి మొక్కకు నీళ్ళు పోస్తోంది. నేను కాలితో ఆ అడుగును చెరిపేశాను. చెరపడం కాదు, మట్టిలో కలిపాను. ఆమె తువ్వాల్లో శనక్కాయలు మూట కట్టిస్తే సిగ్గులేకుండా తీసుకున్నాను కూడా.

నాలుగున్నర బస్సులో కిటికీ సీటు దొరికింది, గాలి బాగుంది. శనక్కాయల మూట విప్పలేదు. ఆదోని, ఎమ్మిగనూరు చేలు చూడబోయేవాళ్ళు బాగున్న చేను ముందు చూడండి, జబ్బుచేను ఆఖరున. ఈ సంగతి నేనే పదిమంది రైతులకు పాఠంగా చెప్పినవాణ్ణి. తలచుకుంటే చెవులు వేడెక్కాయి.

కోడుమూరులో బస్సు టీకి ఆగినప్పుడు దిగి ఫోను చేశాను. చెప్పులు, రేగడి, కాలితో చెరిపింది, అంతా చెప్పాను. మాబున్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"యా మడిలో దిగినావో సెప్పన్నా" అంది. "ఆ ఒక్కటీ పీకేసి కాలబెడతా. తక్కినవన్నా బతికించుకుంటా."

"ఫోటోల కోసం నాలుగు మడుల్లోనూ దిగానమ్మా" అన్నాను.