పలకరింపు వరకే

మెర్ల్ ట్వెట్ ఇరవై రెండేళ్లుగా మా కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకు అసిస్టెంట్ కోచ్. ఆయన కళ్లముందే నలుగురు హెడ్ కోచ్‌లు వచ్చి వెళ్లారు. ఆయన్ని ఎవరూ పొమ్మనలేదు, పై కుర్చీలోకి రమ్మనీ అనలేదు. చలికాలమంతా సౌత్ డకోటా మంచు రోడ్ల మీద కారేసుకుని తిరిగి, హైస్కూలు జిమ్‌లలో పై మెట్టు మీద కూర్చుని, పిల్లల ఆట చూసి, మా జట్టుకు ఎవరు పనికొస్తారో రాసుకోవడం ఆయన పని. పదో తరగతి అయ్యేదాకా ఆ పిల్లలతోగానీ వాళ్ల అమ్మానాన్నలతోగానీ మాట్లాడకూడదు. పక్క కాలేజీ కోచ్‌లతో మాట్లాడితే ఎవరిమీద కన్నేశాడో తెలిసిపోతుంది. భోజనం కూడా కారులోనే, ఒళ్లో పొట్లం విప్పుకుని.

ఎవరితో ఎప్పుడు మాట్లాడొచ్చో, ఎవరిని పిలిపించి ఆడించి చూడొచ్చో చెప్పేది నేను. పేరు ఆర్డిస్. కాలేజీలో ఆటల నిబంధనల ఆఫీసు నాది. కోచ్‌లు నా వెనక నన్ను "వద్దులమ్మ" అంటారని నాకు తెలుసు. అననీ. సందేహం ఉంటే వద్దనెయ్యడం మా ఆఫీసులో తరతరాల ఆచారం. వద్దన్నందుకు ఎవరి ఉద్యోగమూ పోలేదు మరి.

మెర్ల్ మాత్రం ప్రతిదీ అడిగే చేసేవాడు. రెండేళ్ల కిందట ఒక సోమవారం వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"జోలీన్ తొమ్మిదో తరగతికొచ్చింది. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంటాను. చెయ్యొచ్చా?"

జోలీన్ ఆయన కన్న కూతురు కాదు, విడిపోయిన భార్య కూతురు. మూడో ఏట నుంచి పదకొండో ఏట దాకా పెంచింది మాత్రం ఈయనే. గ్యారేజీ తలుపు పైన బుట్ట బిగించి బంతి వెయ్యడం నేర్పిందీ ఈయనే. విడాకులయ్యాక తల్లి పిల్లను తీసుకుని మూడు గంటల దూరంలోని అబర్డీన్ వెళ్లిపోయింది. ఇక మిగిలింది ఆ ఆదివారాలే.

"తొమ్మిదికొస్తే మన లెక్కలో కాలేజీలు కన్నేసే ఆటగత్తే కదా. మానెయ్," అన్నాను.

"ఎందుకు మానేస్తున్నానో చెప్పొచ్చా?"

"చెప్పడం కూడా మాట్లాడ్డమేగా! ఎదురుపడితే పలకరించు. అంతవరకే. నువ్వు నోరు జారితే ఆ పిల్లను మనం తీసుకోలేం."

ఆయనకు కావలసిందల్లా ఆ పిల్లను తీసుకోవడమే. ఆ పిల్ల మా కాలేజీకి వస్తే నాలుగేళ్లు రోజూ కళ్లెదుట ఉంటుంది. అందుకని మానేశాడు.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో జోలీన్ ఆట చూడ్డానికి వెళ్తూ నన్నూ రమ్మన్నాడు. తనమీద తనకు నమ్మకం లేదన్నాడు. ఆట అయిపోగానే ఆ పిల్ల చెమటతో తడిసిన బట్టలతోనే మెట్లెక్కి సరాసరి పైకి వచ్చేసింది.

"నన్ను చూడ్డానికే వచ్చావా?"

"హలో, జోలీన్."

"ఫోన్లెందుకు మానేశావ్? నేనేం చేశాను?"

మెర్ల్ నావైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన టోపీ పెట్టుకుని, ఆ పిల్లను తప్పించుకుని మెట్లు దిగాడు. తిరుగు దారిలో మూడు గంటలూ నియమం గెలిచిందని నేను లోలోపల పొంగిపోయాను కూడా. సిగ్గులేని మనసు.

పదో తరగతి అయిపోయి, ఫోన్లకు అనుమతి వచ్చిన మొదటి రోజు పొద్దున్నే మెర్ల్ నా ఆఫీసుకే వచ్చాడు. తప్పేమీ దొర్లకుండా నా ముందే మాట్లాడతానని ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు, అవతలి మనిషికి కనిపిస్తుందన్నట్టు.

"ఫోన్ చేసినందుకు థాంక్స్, కోచ్‌గారూ," అంది జోలీన్.

"జోలీన్, ఇన్నాళ్లూ నియమాలు..."

"తెలుసండీ. మా కోచ్‌ని అడిగాను. ఒకే ఇంట్లో పెంచినవాళ్లకి ఆ నియమం లేదంట. ఆట సంగతులు తప్ప ఏమైనా మాట్లాడుకోవచ్చంట. అయినా మీరు మాట్లాడలేదు. నేను మీ ఇంటి మనిషిని కాదని అప్పుడే అర్థమైంది. మీ కాలేజీకి నేను రానండీ. వేరే అమ్మాయిని చూసుకోండి."

మెర్ల్ నన్ను వేలెత్తి చూపొచ్చు. ఈవిడే వద్దంది అనొచ్చు. అనలేదు.

"బాగా ఆడు, తల్లీ," అని పెట్టేశాడు.

నేను నిబంధనల పుస్తకం తీశాను. నేను రెండేళ్ల కిందట చదవడం ఆపేసిన పేజీకి వెనకవైపే ఉంది ఆ వెసులుబాటు, రెండు లైన్లలో.

"మెర్ల్, తప్పు నాది. ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను."

"వద్దు, ఆర్డిస్."

"ఎందుకు వద్దు? నిజమేగా!"

"రానన్న పిల్లకి ఇప్పుడు చెప్తే, జట్టులోకి లాక్కోడానికి చెప్పినట్టుంటుంది. దాన్నింక వదిలెయ్."

నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు. రాపిడ్ సిటీలో ఆ సాయంత్రం ఏదో టోర్నమెంటు ఉందని, అక్కడ ఎవరితో ఎంతవరకు మాట్లాడొచ్చో కాగితం మీద రాసిమ్మని నన్నే అడిగాడు.